మోటారు సైకిలు కదలనప్పుడు

గడచిన ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షల నాటి ఒక ఉదయము, మన తెక్కలకోట వీధిలో ఒక తండ్రి కుమార్తెను ప్రక్కన నిలుపుకొని, బండి మీటను నొక్కుచు చెమటలు క్రక్కుచుండెను. నొక్కినప్పుడెల్ల ‘టక్కు’ మను శబ్దమే గాని ఇంజను తిరుగదు. దీపము మాత్రము చక్కగా వెలుగుచున్నది. పది దినముల క్రిందటనే ఎవరి మాటనో నమ్మి క్రొత్త బ్యాటరీ కొంటినని ఆయన వాపోయెను. సీటు ఎత్తి చూడగా బ్యాటరీ మైనస్ కొసనున్న మర వ్రేలితోనే తిరిగినది. దానిని బిగించితిమి, బండి కదలినది, బాలిక వేళకు పరీక్షకు చేరినది. పాత బ్యాటరీయు మంచిదే అయియుండునని నా నమ్మకము.

దీపము వెలుగుచుండగా ఇంజను తిరుగకపోవుట ఎట్లు? మీ పిల్లల పదవ తరగతి పుస్తకములోని ఓమ్ నియమమే దీనికి సమాధానము. దానిని 1827లో ప్రకటించిన జార్జి ఓమ్ కూడ ఒక బడిపంతులే. 35 వాట్ల దీపమునకు 12 వోల్టుల వద్ద సుమారు 3 ఆంపియర్లు చాలును. ఇంజనును త్రిప్పు స్టార్టరు మోటారునకు, బండిని బట్టి, 50 ఆంపియర్లు గాని అంతకు మించి గాని కావలసియుండును. వదులైన మర వద్ద, లేక తెల్లని పొడి పట్టిన కొస వద్ద, ఓములో పదవ వంతు నిరోధము ఏర్పడినదనుకొందము. దీపము వెలుగునపుడు అచ్చట పోవునది 0.3 వోల్టు; కంటికి తెలియదు. మోటారునకు 50 ఆంపియర్లు పారవలెనన్న అచ్చటనే 5 వోల్టులు పోవలెను. మిగిలిన 7 వోల్టులతో అది తిరుగజాలదు. తూమున చెత్త అడ్డుపడినప్పుడు బిందె నిండును గాని మడి పారదు కదా!

కావున బ్యాటరీని నిందించుటకు ముందు వరుసగా చూడవలెను. కుడి పిడిపైనుండు ఎర్రని మీట ‘ఆఫ్’లో ఉన్నదేమో, పిల్లలు ఆడుచు దానిని నొక్కి విడుచుట మిక్కిలి తరచు. గేరు న్యూట్రల్‌లో ఉన్నదా? కొన్ని బండ్లు క్లచ్చి పట్టనిదే, మరికొన్ని ప్రక్క స్టాండు తీయనిదే కదలవు. నాట్ల కాలమున స్టాండు స్విచ్చిలో బురద చేరుట మన ప్రాంతమున వింత కాదు.

తరువాత శబ్దమును వినవలెను. శబ్దమే లేకున్న దోషము స్విచ్చిలలోనో ఫ్యూజులోనో ఉండవచ్చును. కాలిన ఫ్యూజునకు బదులు అదే ఆంపియర్లది వేయవలెను. రాగితీగ చుట్టుట కొంపకు నిప్పు పెట్టుకొనుటయే. ‘టక్కు’ మని ఊరకున్న బ్యాటరీనో దాని అతుకులనో పరీక్షింపవలెను. ఇంజను తిరుగుచు అంటుకొనకున్న పెట్రోలును, ప్లగ్గును చూడవలెను. 2020 ఏప్రిల్ నుండి వచ్చు బీఎస్-6 బండ్లలో పసుపు రంగు ఇంజను దీపము ఆరకున్న, ప్లగ్గు ఊడదీసి నిప్పురవ్వ చూచు పాత పద్ధతి వలదు. పెట్రోలు ఆవిరి ఉన్న చోట అది ఏ బండికైనను అపాయమే.

బ్యాటరీని కొలుచుటకు మల్టీమీటరు విద్యుత్ సామానుల అంగడిలో దొరకును. రాత్రియంతయు నిలిచిన బండి బ్యాటరీ కొసల మధ్య 12.6 వోల్టులున్న నిండుగా నున్నట్లు; 12కు దిగిన దాదాపు ఉడిగినట్లు. మీట నొక్కినప్పుడు 9 వోల్టులకో ఇంకను క్రిందికో పడిపోయిన బ్యాటరీకి బలము చాలదు. అట్లు పడకయు మోటారు తిరుగకున్న అతుకులలోనో, రిలేలోనో, మోటారులోనో దోషమున్నది. తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో తుడిచి, ఆరబెట్టి, బిగించి, పైన కొంచెము వాసలైను పూయవలెను. విప్పునపుడు మైనస్ తీగ ముందు, బిగించునపుడు కడపట. ఈ పనిని పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయుడు; అంకెలను వారిచేతనే వ్రాయింపుడు.

బండి కదలిన పిమ్మట ఇంకొక కొలత కలదు. ఇంజను కొంచెము వేగముగా నడచుచుండగా బ్యాటరీ కొసల వద్ద 13.5 మొదలు 14.5 వోల్టుల వరకు రావలెను. రాకున్న ఎన్ని క్రొత్త బ్యాటరీలు కొన్నను ఉడిగిపోవుచునే యుండును. దోషము రెక్టిఫయరులోనో దాని తీగలలోనో ఉండును. అది ఇంట చేయు పని కాదు. కొలతలన్నియు ఒక చీటిపై వ్రాసి మెకానిక్కు చేతికిచ్చి, వాటిని చూచిన పిదపనే పని మొదలుపెట్టుమని చెప్పుడు.