కనబడని కంచె



మన తెలుగున కంచెకు పెక్కు పేళ్ళు గలవు. కంచె, దడి, తడిక, ప్రహరి, ప్రాకారము అనునవి మీరెరిగినవే. ‘వెలుగు’ అను మాటకు కాంతి యను అర్థమును మాత్రమే మీలో పలువు రెరుగుదురు. చేనిచుట్టు వేసిన కంపకంచెకును మన పూర్వులు ‘వెలుగు’ అనియే పేరిడిరి. మన ఇరుగుపొరుగు తమిళులు ‘వేలి’ యనునది దీనికి చుట్టమైన మాటయే. ‘కంచే చేను మేసినట్లు’ అను సామెతయు రెండు భాషలలోను గలదు. కాపాడవలసినదే కీడు చేసినపుడు మన మా సామెతను వాడుదుము.

నేటి పాఠమునకు విషయమైన కంచె విచిత్రమైనది. దానికి రాయి లేదు, ముల్లు లేదు, తీగయు లేదు. పెంపుడు కుక్క పెరడు దాటి పోకుండుటకై రేడియో తరంగములతో ఏర్పరచెడి ఈ కంచెకు ‘వైర్‌లెస్ కంచె’ యని పేరు. అది ఎట్లు పనిచేయును? మన వేలూరు, గుడియాత్తము వీధులలోని ఇండ్లకు తగునా? దానిని నమ్మి మనము నిశ్చింతగా నుండవచ్చునా? ఈ మూడు ప్రశ్నలను విచారింతము.

దేహమును ఆపు కంచె

మొదట మనకు కనబడు కంచెలను చూతము. రాయవేలూరు కోటను చూడనివారు మనలో నుండరు. విజయనగర రాజుల కాలమున, 16వ శతాబ్దమున కట్టిన ఆ కోటకు నల్లరాతి గోడలును, వాని చుట్టు లోతైన అగడ్తయు గలవు. ఆ గోడ తన ముందు నిలిచినది మనిషియా, గుఱ్ఱమా, కుక్కయా యని విచారింపదు. ఆ ప్రాణికి భయము గలదా, శిక్షణ గలదా యని యడుగదు. వచ్చినదాని దేహము నాపును. లోనిది వెలికి పోదు, వెలిది లోనికి రాదు. మన ఇంటి ప్రహరి గోడయు, తాటాకు దడియు ఈ జాతివే. వీని బలము వీనిలోనే యున్నది.

నొప్పితో ఆపు కంచె

రెండవ జాతి కంచెను చూడవలెనన్నచో గుడియాత్తమునుండి సైనగుంట మీదుగా పలమనేరు వైపు పోవలెను. అచ్చటి కొండలకు ఆవల చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యము గలదు. 1980ల దశకమున దక్షిణపు అడవులనుండి ఏనుగులు ఆ ప్రాంతమునకు వలస వచ్చెను. 1990లో ఆ అడవిని అభయారణ్యముగా ప్రకటించిరి. ఏనుగులు చెఱకు, అరటి, వరి పైరులపై పడకుండుటకు అటవీశాఖవారు అచ్చట కందకములు త్రవ్వించి, సౌర విద్యుత్ కంచెలు వేయించిరి.

సౌర విద్యుత్ కంచెలో సూర్యకాంతితో నిండిన బ్యాటరీ యొకటి, దాని శక్తిని పెంచి తీగలలోనికి పంపు యంత్ర మొకటి యుండును. ఆ యంత్రము సుమారు సెకనున కొకసారి వేల వోల్టుల విద్యుత్తును తీగలోనికి పంపును. అయితే ఆ ఘాతము సెకనులో వేయవవంతుకంటె తక్కువ కాలమే యుండును. తీగను తాకిన జంతువు దేహము గుండా విద్యుత్తు నేలలోనికి పోవును. జంతువు ఉలికిపడి వెనుకకు మరలును గాని చావదు. మన ఇండ్లలోని విద్యుత్తు 230 వోల్టులే కదా, అది ఇంతకంటె తక్కువ ప్రమాదకరము కాదా యని మీరు తలంపవచ్చును. అది తప్పు. ఇంటి విద్యుత్తు ఎడతెగక ప్రవహించును, పట్టినదానిని విడువదు. ఆ తీగను పొలముచుట్టు కట్టినచో ఏనుగును చంపును, ఆవును చంపును, రాత్రి నీరు కట్టుటకు పోయిన రైతును కూడ చంపును. అందుచేతనే అది చట్టముచే నిషిద్ధము. ‘కంచే చేను మేసినట్లు’ అనుట కింతకంటె వేరు నిదర్శనము వలదు.

సౌర కంచెయు సర్వసమర్థము కాదు. ఏనుగు తెలివిగలది. దంతము గుండా విద్యుత్తు ప్రవహింపదని యది అనుభవముచే గ్రహించి, దంతములతో తీగలను లాగివేయును. కొమ్మలను, చెట్లను తీగలపై పడవైచి దారి చేసికొనును. కావున నొప్పితో ఆపు కంచె జంతువు భయపడునంతవరకే కంచె యగును.

మనస్సులో కట్టు కంచె

ఇక మూడవది. అమెరికాలో రిచర్డ్ పెక్ అను నతనికి 1973లో ఇట్టి ఏర్పాటునకు పేటెంటు లభించినది. అతని పద్ధతిలో పెరటి అంచు పొడవునను నేలలో ఒక తీగను పాతుదురు. కుక్క తీగను సమీపించునపుడు దాని మెడపట్టెలోని చిన్న యంత్రము హెచ్చరించును. పిమ్మట తీగ లేని పద్ధతియు వచ్చినది.

తీగ లేని పద్ధతిలో ట్రాన్స్‌మిటరు అను పెట్టెను ఇంటిలో నుంచుదురు. అది అన్ని దిక్కులకును రేడియో తరంగములను పంపుచుండును. దీపమునకు దూరమగుకొలది వెలుతురు తగ్గునట్లు, పెట్టెకు దూరమగుకొలది తరంగముల బలము తగ్గును. కుక్క మెడపట్టెలోని రిసీవరు ఆ బలమును కొలుచుచుండును. నిర్ణయించిన మేరకంటె బలము తగ్గగానే మొదట ‘కీ’ యను ధ్వని చేయును. అప్పటికిని కుక్క వెనుదిరుగనిచో, మెడను తాకుచున్న రెండు లోహపు మొనల గుండా చిన్న విద్యుద్ఘాతము నిచ్చును. ఇటీవల వచ్చిన కొన్ని పట్టెలు ఇంటి పెట్టెతో పనిలేక, సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జీ.పీ.ఎస్. ఉపగ్రహముల సంకేతములతో కుక్క యున్న చోటును గుర్తించును.

ఇచ్చట ఒక ముఖ్యమైన సంగతి గమనింపుడు. రేడియో తరంగము కుక్కను ఆపలేదు. అది కుక్క దేహము గుండా, మన దేహముల గుండా నిరంతరము పోవుచునే యున్నది. కుక్కను ఆపునది దాని జ్ఞాపకమే. 1904లో నోబెల్ బహుమానము పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్, ఒక ధ్వని వినిపించిన పిమ్మట ఆహారము పెట్టుచు వచ్చినచో, కొన్నాళ్ళకు ధ్వని వినినంతనే కుక్కనోట లాలాజల మూరునని చూపెను. ఈ కంచెకును అదియే ఆధారము. అంచు పొడవునను చిన్న జెండాలు నాటి, కుక్కకు త్రాడు కట్టి నడిపించి, ధ్వని వినబడగానే వెనుకకు త్రిప్పి, మంచిమాట చెప్పి తిండి పెట్టవలెను. ఇట్లు దినదినము కొన్ని వారములు నేర్పవలెను. నేర్పక పట్టె మాత్రము కట్టినచో కుక్కకు నొప్పియే గాని మేర తెలియదు. ఈ కంచెను కట్టునది యంత్రము కాదు, నేర్పువాని ఓర్పు.

మన ఇంటి కొలతలు

మన ఇండ్లకు ఇది తగునా యను ప్రశ్నకు గణితమే సమాధానము చెప్పును. ట్రాన్స్‌మిటరు ఏర్పరచు మేర వృత్తాకారము. మన స్థలములు దీర్ఘ చతురస్రములు. మన ప్రాంతమున ఒక గ్రౌండు అనగా 2,400 చదరపు అడుగులు. అది 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గలదనుకొందము. దానిలో ఇముడు మిక్కిలి పెద్ద వృత్తమునకు వ్యాసార్ధము 20 అడుగులు. వైశాల్యము 3.14 × 20 × 20 = 1,256 చదరపు అడుగులు. అనగా స్థలములో సగముకంటె కొంచెము ఎక్కువ. అందులోనే ఇల్లును కట్టియున్నాము. పొడవు కొనలను కూడ అందుకొనుటకు వ్యాసార్ధమును 30 అడుగులు చేసినచో, వృత్తము రెండు ప్రక్కలను 10 అడుగుల చొప్పున పొరుగువారి స్థలములోనికి పోవును.

గుడియాత్తము నేతగాండ్ర వీధులలో ఇండ్లు ఇంకను ఇరుకైనవి. 20 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలములో ఇముడు వృత్తము 314 చదరపు అడుగులే. స్థలములో నాలుగవవంతుకంటె అది స్వల్పముగా నెక్కువ. ఇనుప రేకుల కప్పులు, ఇనుప కడ్డీలు గల కాంక్రీటు గోడలు తరంగముల బలమును మార్చును గనుక మేర ఒకచోట ముందునకు, ఒకచోట వెనుకకు జరుగును. ఉపగ్రహములను నమ్మిన పట్టెకును కొన్ని మీటర్ల తేడా కలుగుట సహజము. మన వీధి వెడల్పే కొన్ని మీటర్లు కదా! ఇట్టి పెట్టెలలో పేరొందినవి 90 అడుగుల వ్యాసార్ధమువరకు పనిచేయును. అనగా దాదాపు 58 సెంట్ల నేల. ఇంటిచుట్టు విశాలమైన పచ్చిక గల దేశములకై చేసిన వస్తువిది యని దీనిచే తెలియుచున్నది. ఊరివెలుపల తోటలలో నివసించు వారి కిది కొంత ఉపయోగపడవచ్చును.

ఈ కంచె చేయలేని పనులు

మొదటిది: ఇది లోనికి వచ్చువానిని ఆపదు. పట్టె మన కుక్క మెడకే గలదు గాని వీధికుక్క మెడకు లేదు. వీధికుక్క నిరాటంకముగా వచ్చి మన కుక్కను కరవవచ్చును. గుడియాత్తము, పేర్నంబట్టు కొండలలో చిరుతపులులు గలవు. అవి మేకలకై, కుక్కలకై ఊరి అంచులకు వచ్చుట కలదు. కనబడని కంచె వానికి నిజముగనే కనబడదు.

రెండవది: పిల్లిని చూచియో, టపాకాయలకు బెదరియో కుక్క ఒక్క పరుగున మేర దాటవచ్చును. పరుగువేడిలో ఘాతమును లెక్కచేయదు. వేడి చల్లారిన పిమ్మట ఇల్లు చేరవలెనన్న మరల ఘాతమునకు లోబడవలెను గనుక వెలుపలనే నిలిచిపోవును. పోనీయక పట్టవలసిన కంచె రానీయక తరుమును.

మూడవది: బ్యాటరీ అయిపోయినను, విద్యుత్తు పోయినను మేర మాయమగును.

నాలుగవది మిక్కిలి ముఖ్యము. కుక్క మేరను సమీపించిన క్షణముననే బడికి పోవు పిల్లవాడు వీధిని పోవుచున్నాడనుకొనుడు. మెడకు నొప్పి తగులును. ఆ నొప్పికి కారణము పెట్టెయని కుక్క ఎరుగదు, ఎదుట నున్న పిల్లవాడే యని తలచును. ఇట్లు పలుమారు జరిగినచో శాంతమైన కుక్కయు పిల్లలపై కోపము పెంచుకొనవచ్చును. ఇట్టి కారణములచేత వేల్సు దేశమున 2010లో విద్యుద్ఘాతపు పట్టెలను నిషేధించిరి.

మరి మనమేమి చేయవలెను?

కుక్కను దినమెల్ల గొలుసుతో కట్టివేయుట దీనికి బదులు కాదు. మన దేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టము, ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కకు తగిన వ్యాయామము కల్పింపని యజమానుని దోషిగా నెంచును. చిన్న ఇంటికి మంచి కంచె పాతదే. నడుమెత్తుకంటె ఎత్తైన గోడ లేక బిగువైన దడి, క్రింద సందులేని తలుపు, ఉదయ సాయంకాలములు త్రాడుతో నడక. తలుపు మూయుట ఇంటిల్లిపాదికిని అలవాటు కావలెను. తిండియు, నడకయు, తోడును గల కుక్క పారిపోవ నిచ్చగింపదు.

అన్నిటికంటె గొప్ప కంచె సూదిమందు. రేబిస్ అను పిచ్చికుక్క వ్యాధి లక్షణములు మనిషిలో కనబడిన పిమ్మట దాదాపు ఎల్లప్పుడును మరణమే. కాని ముందుగా దానిని పూర్తిగా నివారింపవచ్చును. ఫ్రాన్సులో పాశ్చర్ 1885లో ఒక బాలునికి తొలిసారిగా ఆ టీకా వేసెను. మన నీలగిరులలోని కూనూరున 1907లో పాశ్చర్ సంస్థ వెలసినది. కుక్కపిల్లకు మూడవ నెలలో టీకా వేయించి, పిమ్మట ఏటేట పశువైద్యుని సలహాపై వేయించవలెను. మీలో నెవరినైనను కుక్క కరచినచో, గీరినచో దాచకుడు. వెంటనే గాయమును ప్రవహించు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడుగుడు. పసుపు, సున్నము, కారము పూయకుడు. ఆ దినముననే ప్రభుత్వ వైద్యశాలకు పోయి వైద్యుడు చెప్పిన అన్ని సూదులును తప్పక వేయించుకొనుడు. ఇంటిలో తిట్టుదురను భయముచే మౌనము వహించుటకంటె ప్రమాదము వేరొకటి లేదు. తల్లిదండ్రులును ఇట్టి సంగతి చెప్పిన బిడ్డను కోపింపక, మెచ్చుకొనవలెనని మా మనవి.

కోటగోడ దేహమును, విద్యుత్ తీగ భయమును, వైర్‌లెస్ కంచె జ్ఞాపకమును ఆధారముగా చేసికొన్నవి. ఏ కంచెను ఎన్నుకొన్నను, కుక్కకును వీధిని పోవు బిడ్డకును బాధ్యత యజమానునిదే గాని యంత్రమునది కాదు.

అభ్యాసము

1. మీ ఇంటి స్థలమును కొలిచి, దానిలో ఇముడు మిక్కిలి పెద్ద వృత్తము వైశాల్యమును గుణించుడు. స్థలములో అది ఎన్నవవంతు?
2. వేల వోల్టుల సౌర కంచెకంటె 230 వోల్టుల ఇంటి విద్యుత్తు ఏల ప్రాణాంతకమో మీ మాటలలో వ్రాయుడు.
3. కంచెకు సంబంధించిన తెలుగు మాటలను, సామెతలను మీ పెద్దల నడిగి సేకరించుడు. వానికి సరియైన తమిళపు మాటలను ప్రక్కన వ్రాయుడు.
4. మీ వీధిలోని పెంపుడు కుక్కలలో ఈ యేడు టీకా వేసినవెన్నియో యజమానుల నడిగి పట్టిక వేయుడు.