పిల్లల చేతిలో నవల, పెద్దల నోట మాట

పదమూడేళ్ల పిల్లవాడు పాఠ్యపుస్తకం పక్కనపెట్టి డిటెక్టివ్ నవల పట్టుకుంటే చాలా ఇళ్లలో ముందు వినబడే ప్రశ్న: "ఇది చదివితే ఏమొస్తుంది?" ఆ ప్రశ్న వెనక ఉన్నది ప్రేమే. పరీక్షలు, మార్కులు, రేపటి బతుకు తలచుకునే ఏ తల్లయినా తండ్రయినా అలా అడుగుతారు. కాని అది విన్న పిల్లవాడు నవల మానేస్తాడు, లేదంటే దాచుకుని చదువుతాడు. రెండు విధాలా మీరు పోగొట్టుకునేది ఒకటే, ఆ నవల గురించి వాడితో మాట్లాడే అవకాశం.

అందుకే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీ పిల్లలు ఏ రకం నవల చదువుతున్నా, దాని మంచిచెడ్డలు తేల్చడానికి ముందు దాని గురించి వాళ్లతో మాట్లాడండి. పిల్లలు ఒక రకం నవల నుంచి ఇంకో రకానికి సాగేది చాలావరకు ఆ మాటల వల్లనే.

కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవల ఒకటి ముగ్గురు పిల్లలకిచ్చి, ఏం నచ్చిందని అడిగి చూడండి. ఒకరికి చిక్కుముడి విప్పడం నచ్చుతుంది. ఒకరికి రాత్రిపూట వెంటాడే భయం నచ్చుతుంది. మూడోవారికి యుగంధర్‌కీ అసిస్టెంట్ రాజుకీ మధ్య ఉన్న చనువు నచ్చుతుంది. ముగ్గురూ డిటెక్టివ్ నవలే చదివారు గాని వాళ్లు వెతుక్కుంటున్నది మాత్రం వేరు వేరు. ఆ వెతుకులాట ఏమిటో తెలిస్తే తర్వాత ఏ పుస్తకం ఇవ్వాలో మీకే తోస్తుంది. "నేరం ఎవరు చేశారు" అన్నదాని కంటే "ఎందుకు చేశాడు" అన్నది ఆలోచించే పిల్లకి, పదహారు పదిహేడేళ్లు వచ్చాక గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' ఇవ్వవచ్చు. అక్కడ ఆరా తీయవలసింది ఒక మనిషి మనసులోనే.

సాహసాలు ఇష్టపడే పిల్లలకు దారి ఇంకా సులువు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'రాకాసి లోయ', 'పాతాళదుర్గం' వంటి సీరియల్స్‌తో మొదలుపెట్టండి. అక్కడి నుంచి నండూరి రామమోహనరావు తెలుగు చేసిన 'కాంచన ద్వీపం' చేతికివ్వండి. కాస్త పెద్దయ్యాక కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఇవ్వండి. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ఒక ముసలివాడి కథ అది. ఓడలు, నిధులు, మాంత్రికులు లేకుండానే ఊపిరి బిగబట్టి చదివిస్తుంది. పుస్తకం ముగించాక "ఇంతకీ అతడు గెలిచాడంటావా?" అని అడగండి. ఆ పేరు పెట్టడంలో రచయిత ఉద్దేశం ఏమిటో మీ ఇంట్లో చాలాసేపు తెగదు.

నవ్వు కావాలనే పిల్లలకు మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' ఉండనే ఉంది. మొగల్తూరు నుంచి బారిస్టరు చదువుకని సీమకు బయల్దేరిన ఆ కుర్రవాడి తికమకలు చదువుతూ పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వనివ్వండి. తర్వాత "మొదటిసారి హాస్టల్‌కో కొత్త ఊరికో వెళ్లినప్పుడు నీకూ ఇలాగే అనిపించిందా?" అని అడగండి. ఆ జవాబులో, వాళ్లు మీకు ఇంతవరకు చెప్పని సంగతి ఏదైనా బయటపడవచ్చు.

మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్' కూడా నండూరి వారి తెలుగులోనే ఉంది. అందులో నవ్వుతో పాటు ఒక బరువైన సంగతి ఉంది. బానిసత్వం నుంచి పారిపోయిన జిమ్‌ను పట్టివ్వాలా, కాపాడాలా అని ఒక కుర్రవాడు తనలో తాను కొట్టుమిట్టాడతాడు. దాని గురించి మాట్లాడుకున్న ఇంట్లో, అదే బానిసత్వం గురించిన అలెక్స్ హేలీ నవలకు సహవాసి చేసిన అనువాదం 'ఏడు తరాలు' ఎప్పుడో ఒకప్పుడు పిల్లల చేతికి దానంతటదే వస్తుంది.

చరిత్రకు సినిమా మంచి గుమ్మం. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా చూసిన పిల్లలకు గోన గన్నారెడ్డి తెలుసు. అడవి బాపిరాజు నవల 'గోన గన్నారెడ్డి' వాళ్లకిచ్చి, రెండింటిలో ఆ మనిషి ఒకలాగే ఉన్నాడా అని అడగండి. కాలేజీ వయసుకు వచ్చాక దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదివితే, చరిత్రంటే కోటలూ కత్తులే అనుకున్నవారికి నిజాం కాలపు తెలంగాణ పల్లె, అక్కడి వెట్టి కనబడతాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన 'మాలపల్లి' 1922లో వెలువడింది. అప్పటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. "ఒక నవలకు ప్రభుత్వం ఎందుకు భయపడింది?" అన్న ప్రశ్న ఇంటర్ చదివే పిల్లలకు వెయ్యదగ్గదే.

ఇక మాట్లాడే పద్ధతి. కథ అప్పజెప్పమనకండి, నీతి ఏమిటని అడగకండి. అది బడిలో రోజూ జరిగేదే. "ఎవరి మీద కోపం వచ్చింది?", "ఆ స్థానంలో నువ్వుంటే ఏం చేసేదానివి?", "ఎక్కడ విసుగొచ్చింది?" అని అడగండి. మీకు నచ్చిన పాత్ర పిల్లలకు నచ్చకపోతే ఒప్పించబోకండి. "ఏ మాట చూసి నీకలా అనిపించింది?" అని మళ్లీ పుస్తకంలోకే తీసుకెళ్లండి. పుస్తకం సగంలో ఆపేస్తే తిట్టకండి. ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో చెప్పగలిగితే అదీ చదువే.

ప్రేమ నవలల దగ్గర చాలామంది పెద్దలు తడబడతారు. టీనేజి అమ్మాయి దిండు కింద అలాంటి నవల కనబడితే లాక్కోకండి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' కోసం ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపు చుట్టూ తిరిగిన అమ్మలూ అమ్మమ్మలూ మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లనూ మాటల్లో కలపండి. ఆ నవలలోని జయంతి ఆత్మాభిమానం గురించి, రాజశేఖరం తీరు గురించి మూడు తరాల ఆడవాళ్లు మాట్లాడుకుంటే, ఏది ప్రేమ, ఏది పెత్తనం అన్నది ఉపన్యాసం లేకుండానే చర్చకు వస్తుంది. మగపిల్లలూ ఆ మాటలు వినడం మంచిది. పాత నవలల్లో కులం గురించో ఆడవాళ్ల గురించో ఇవాళ మనకు మింగుడుపడని మాటలు వస్తే దాటవేయకండి. అక్కడ ఆగి, అది ఎందుకు తప్పో పిల్లలనే చెప్పనివ్వండి. హింస, లైంగిక విషయాలు ఎక్కువగా ఉన్న నవలలను మాత్రం ముందు మీరు చదివి, ఏ వయసుకు ఇవ్వాలో నిర్ణయించుకోండి.

ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు, విదేశాల్లో పెరిగే పిల్లలు తెలుగు అక్షరాల దగ్గరే అలసిపోతారు. వాళ్లకు రాత్రి భోజనాలయ్యాక మీరే కొన్ని పేజీలు చదివి వినిపించండి. వాళ్లు ఇంగ్లీషు నవలలు చదువుతుంటే వాటి గురించే తెలుగులో మాట్లాడండి. భాష చర్చలోనూ నిలుస్తుంది.

పుస్తకాల కోసం పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఊళ్లో శాఖా గ్రంథాలయంలో పిల్లల పేరు మీద సభ్యత్వం తీసుకోండి. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకనివ్వండి. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలకు వెళ్లినప్పుడు ఒక నవల పిల్లలు ఎంచుకోవాలి, ఒకటి మీరు ఎంచుకోవాలి, ఇద్దరూ రెండూ చదవాలి అని మాట పెట్టుకోండి.

ఈ వారమే మీ అమ్మాయో అబ్బాయో చదువుతున్న నవల అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. మీ అభిప్రాయం చెప్పేముందు వాళ్లది పూర్తిగా వినండి.