నిమ్మరసం నేర్పే లెక్క

మనం నలుగురం కలిసి నిమ్మరసం అమ్మామనుకుందాం. నిమ్మకాయలకు రూ.100, పంచదారకు 90, ఐసుకు 60, గ్లాసులకు 50. మొత్తం పెట్టుబడి రూ.300. గ్లాసు 10 రూపాయల చొప్పున 50 గ్లాసులు అమ్మితే 500 వస్తాయి. అందులో లాభం 200 మాత్రమే. 10 గ్లాసులు మిగిలిపోతే లాభం వందే. పెట్టుబడి కోసం పొద్దున 300 అప్పు తెచ్చి సాయంత్రం 330 కడితే మిగిలేది 70. తలా రూ.17.50. ఇది లాభమా? మన కూలి కూడా రాలేదు!

బుట్ట నెత్తిన పెట్టుకొని కూరగాయలు అమ్మే మన అమ్మలు రోజూ చేసే లెక్క ఇదే. అందుకే వడ్డీకి పోయే డబ్బును మిగుల్చుకోవడం మనం నేర్చుకోవాలి. పదేళ్లు దాటిన పిల్లలు పొదుపు ఖాతాను సొంతంగా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014లోనే అనుమతించింది. మిత్రులారా, చిన్న మొత్తంతోనే మొదలుపెడదాం. రేపటి పెట్టుబడి మనదే అయితే, ఆ 30 రూపాయలూ మనవే.