‘నానో’ పురుగుమందు కొనవచ్చా?

ప్రశ్న: పెరట్లో వంగ, బెండ వేశాం. కొట్టువాళ్లు ‘నానో’ మందు వాడమంటున్నారు. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, దయాల్‌బంద్, బిలాస్‌పూర్

జవాబు: మీటరులో వందకోట్లో వంతు నానోమీటరు, అమ్మా. మందును అంత సన్నని రేణువులుగా చేస్తే ఆకంతా పరుచుకుంటుంది. తక్కువ మోతాదు సరిపోవచ్చు. అంతమాత్రాన విషం విషం కాకుండా పోదు.

తిరుపతి వ్యవసాయ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన వేరుశనగ పరిశోధన చూడండి. అందులో వాడింది పురుగుమందు కాదు, పోషకం. లీటరుకు 1 గ్రాము నానో జింక్ ఆక్సైడుతో మొలక, దిగుబడి పెరిగాయి. 2 గ్రాములకు ఎదుగుదల కుంటుపడింది. మోతాదు విషయంలో అందుకే నేనింత పట్టుబడతాను.

సీసా మీద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు, మీ పంట పేరు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు లేకపోతే కొనకండి. కొన్నా సరే, మాస్కు, చేతితొడుగులు లేకుండా పిచికారీ చేయవద్దు.