పాత లారీ

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపు పంటకు పేరుపొందిన పట్టణం. ఈ ప్రాంతంలో పండే ఒక పసుపు రకానికి ‘ఆర్మూరు’ అన్న పేరే స్థిరపడింది. నవసిద్ధుల గుట్ట ఈ పట్టణానికి ఆనవాలు. నాగపూరు నుండి హైదరాబాదుకు సాగే 44వ జాతీయ రహదారి, నిజామాబాదు నుండి జగిత్యాలకు పోయే 63వ జాతీయ రహదారి ఈ ప్రాంతంలోనే కలుస్తాయి. పసుపును తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన తరువాత కొమ్ములను బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెట్ యార్డుకు పంపుతారు. మంచి ధర పలుకుతుందనుకుంటే మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకుపోతారు. రైతు చెమటను ధరగా మార్చే ఈ ప్రయాణంలో బరువు మోసేది లారీయే. పంటను గురించి ఎందరో చెబుతారు. దానిని మోసిన బండిని గురించి చెప్పేవారు అరుదు.

స్వాతంత్ర్యానంతర భారతదేశంలో లారీల తయారీ వేగం పుంజుకున్నది. 1945లో ఏర్పడిన టెల్కో సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని జంషెడ్‌పూర్‌లో ‘టాటా మెర్సిడెస్-బెంజ్’ లారీలను తయారుచేసింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. అటుపై లారీలు టాటా పేరుతోనే వెలువడ్డాయి. ముందుకు పొడుచుకువచ్చిన ముక్కు వంటి బానెట్, గుండ్రని దీపాలు, కర్రపలకల బాడీ ఆనాటి లారీల రూపురేఖలు. ఇటువంటి లారీ నేడు ఎక్కడైనా కనిపించిందంటే, సాధారణంగా అది చెట్టు కింద తుప్పుపట్టి పడి ఉంటుంది. లేదా పాత ఇనుము కొట్టులో తూకానికి సిద్ధంగా ఉంటుంది.

అటువంటి బండిని ఇంటి వెనుక రేకుల షెడ్డులోకి తెచ్చి మళ్ళీ నడిపించాలనుకోవడం మంచి సంకల్పమే. కాని అది ఆవేశంతో అయ్యే పని కాదు. మొదటి పని విప్పడం కాదు, చూడడం. ఛాసిస్ వంగినదా, ఎక్కడెక్కడ తుప్పు తినివేసినది, ఏ భాగాలు లోపించినవి అన్న విషయాలను ముందుగా కాగితం మీద రాసుకోవాలి. ప్రతి భాగాన్నీ ఛాయాచిత్రం తీయాలి. విప్పిన ప్రతి మరకూ, గొట్టానికీ చీటీ కట్టి వేరువేరు డబ్బాలలో ఉంచాలి. విప్పడం ఒక రోజు పని. బిగించడానికి నెలలు పట్టవచ్చు. ఈ మధ్యకాలంలో జ్ఞాపకం మోసం చేస్తుంది, చీటీ మోసం చేయదు.

ఏళ్ళ తరబడి కదలని ఇంజనులో పిస్టన్లు సిలిండర్లకు అతుక్కొని ఉంటాయి. బలం ప్రయోగిస్తే రింగులు విరుగుతాయి, కడ్డీలు వంగుతాయి. అనుభవజ్ఞులైన మేస్త్రీలు ఇంజక్టర్లను ఊడదీసి, ప్రతి సిలిండరులోనూ డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి కొన్ని రోజులు నాననిస్తారు. తరువాత క్రాంక్ షాఫ్టును చేతితోనే కొద్దికొద్దిగా ముందుకూ వెనుకకూ తిప్పుతారు. ఇక్కడ ఓర్పే అసలైన పనిముట్టు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వనిచ్చే ప్లగ్గు ఉండదు. గాలిని బాగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. అందువల్ల ఇంధనపు గొట్టాలలో గాలి చేరితే ఇంధనం సరైన ఒత్తిడితో లోపలికి చేరక ఇంజను మేలుకోదు. ఆ గాలిని తీసివేయడం తెలియని వాడు బాటరీని నీరసింపజేయడమే తప్ప బండిని నడపలేడు.

తుప్పును తీగ బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడు పూసిన తరువాతనే రంగు వేయాలి. తుప్పు మీద వేసిన రంగు రోగాన్ని దాచుతుందే కాని నయం చేయదు. కమాన్ పట్టీలు, బ్రేకులు, స్టీరింగ్ భాగాల విషయంలో మమకారం పనికిరాదు. ప్రాణాలకు సంబంధించిన చోట అరిగిన భాగాన్ని మార్చవలసిందే. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక ఆ దుమ్మును ఊదకూడదు, తడిపి తుడవాలి. కేవలం జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు. బలమైన దిమ్మెల మీద నిలిపిన తరువాతనే పని మొదలుపెట్టాలి.

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. అన్నీ కొత్తవే అయితే అది పాత లారీ ఎట్లా అవుతుంది? బాగుచేయదగినదానిని బాగుచేయడం, తప్పనిసరి అయినప్పుడే మార్చడం ఉత్తమమైన పద్ధతి. సొట్టపడిన తలుపును సరిచేయవచ్చు, పారవేయనక్కరలేదు. పలకల మీద బస్తాల ఒరిపిడికి ఏర్పడిన నునుపును చెరిపివేయనక్కరలేదు. ఆ నునుపులో హమాలీల శ్రమ ఉంది.

మన ప్రాంతంలో ఇటువంటి సంరక్షణకు ఒక చక్కని ఉదాహరణ ఉంది. నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం ప్రారంభమయింది. స్కాట్లండులోని ఆల్బియన్ సంస్థ తయారుచేసిన ఆనాటి బస్సు ఒకటి ‘దక్కన్ క్వీన్’ పేరుతో హైదరాబాదులో భద్రపరచబడింది. దానిని చూసినవారికి ఒక సంస్థ పుట్టుక కళ్ళకు కడుతుంది.

లారీకి ఆ భాగ్యం దక్కడం కష్టం. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన, మూలరూపం చెడని వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. అయితే ఆ నియమాలు సొంతానికి వాడే ద్విచక్ర వాహనాలకు, కార్లకు వర్తిస్తాయి. సరుకు మోసే లారీలకు వర్తించవు. సంపన్నుల షికారుకు ఉపయోగపడిన కారుకు గౌరవం లభించింది. పల్లె పంటను నగరానికి చేర్చిన లారీకి ఆ గుర్తింపు ఇంకా రాలేదు. కనుక ఒక పాత లారీ మిగలడమన్నది దానిని ప్రేమించే ఇంటివారి మీదనే ఆధారపడి ఉంది.

ఈ పనిలో లాభం లేదు, ఖర్చు ఉంది. అయినా పోగొట్టుకుంటున్నది ఇనుమును మాత్రమే కాదు. చప్పుడు విని లోపాన్ని చెప్పగల పాత మేస్త్రీలు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. వారి విద్య పుస్తకాలలో లేదు, చేతులలో ఉంది. ఒక పాత లారీని బాగుచేసే షెడ్డులో ఆ విద్య ఒక తరం నుండి మరొక తరానికి అందుతుంది. దశాబ్దాల మౌనం తరువాత ఇంజను మొదటిసారి గుర్రుమన్న క్షణాన, పక్కన పానా పట్టుకొని నిలిచిన యువకుడు ఒక యంత్రాన్నే కాదు, తన ఊరి శ్రమ చరిత్రను కూడా వింటాడు.

అభ్యాసం

1. పాత లారీని విప్పడానికి ముందు చేయవలసిన పనులేవి?
2. ‘ఇక్కడ ఓర్పే అసలైన పనిముట్టు’ అన్న వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.
3. 2021 నాటి నియమాలు లారీలకు ఎందుకు వర్తించవు? ఈ విషయంపై మీ అభిప్రాయం రాయండి.
4. మీ ఊరిలోని ఒక పాత పనిముట్టును గురించి, దానిని వాడినవారి శ్రమను గురించి ఒక వ్యాసం రాయండి.