తోళ్లు పదునుచేయుట: ఇంటనా, కర్మాగారముననా?

మేకచర్మమును పచ్చిగా అమ్మవలెనా, ఇంటనే పదునుచేయవలెనా అని మన దసమంతపూర్ తల్లిదండ్రులు విచారించుట యుక్తమే. ఏ మార్గమైనను మొదటి పని యొక్కటే: ఒలిచిన కొద్ది గంటలలోనే మాంసపువైపున ఉప్పు దట్టముగా పట్టింపవలెను. ఇది తప్పినచో చర్మము కుళ్లును; ఆపై నేర్పెంత యున్నను నిష్ప్రయోజనము.

ఇంటిపద్ధతిలో చర్మమును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు గీకి, సున్నము పోవునట్లు పలుమార్లు కడిగి, తంగేడు పట్ట, కరక్కాయల కషాయమున వారములతరబడి ఉంచుదురు. కరక్కాయ దగ్గుమందు మాత్రమే యనుకొనువారు గమనింతురు గాక. అది మన కోరాపుట్ అడవుల సంపదయే.

కర్మాగారమున క్రోమియము లవణముతో ఈ ఘట్టము ఒకటి రెండు దినములలో ముగియును. తోలు మెత్తనై, వేడినీటికిని ఓర్చును. కాని మురుగునీరు శుద్ధిచేయకున్న ఏమగునో తమిళనాట పాలారు తీరము చూపినది. 1996లో సుప్రీంకోర్టు ఆ కర్మాగారముల కాలుష్యముపై తీర్పు చెప్పవలసివచ్చెను. ఇంటి సున్నపునీరు చెరువున పోసినను హానియే.

మందమైన గేదెచర్మములను ఉప్పువేసి కర్మాగారమునకు పంపుటయే మేలని మా అభిప్రాయము. ఒకటి రెండు మేకచర్మములు ఇంట చేసికొనవచ్చును. అయితే సున్నము చేతులను, కన్నులను కాల్చును గాన ఆ తొట్టికడ పిల్లలను నిలుపరాదు. బడివేళ అసలే నిలుపరాదు.