జీర్ణవ్యవస్థ – ఆసుపత్రి మాటలను విడగొట్టి చదువుదాం



వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి కావాలన్నప్పుడు మేము జీర్ణవ్యవస్థను ఎంచుకున్నాం. పదో తరగతి పరీక్ష కోసం ఆ బొమ్మ వేసి భాగాలు గుర్తించని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. అందుకే ఆ పాఠం మళ్ళీ చెప్పడం లేదు. ఆ భాగాలకు ఆసుపత్రిలో వాడే పేర్లు ఎలా తయారయ్యాయో, వాటిని ఎలా విడగొట్టాలో చెప్తాం. ఇంటర్లో బైపీసీ తీసుకునే వాళ్ళకు, నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరే వాళ్ళకు ఇది చదువులో పనికొస్తుంది. మిగతా వాళ్ళకూ పని ఉంది. మన ఇళ్ళలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆ ఓ.పి. చీటీ, స్కానింగ్ రిపోర్టు చివరికి మన చేతికే వస్తాయి. "చదువుకున్నావు కదా, ఏం రాశారో చెప్పు" అని అడిగేది మననే.

ఒక్కో అవయవానికి మూడు పేర్లుంటాయి. ఇంటి పేరు, పుస్తకం పేరు, ఆసుపత్రి పేరు. మాంసం కొట్టు దగ్గర కార్జం అంటాం. పుస్తకంలో కాలేయం. ఆసుపత్రిలో లివర్. కానీ రోగం పేరు రాసేటప్పుడు డాక్టర్లు లివర్ అని కూడా రాయరు, 'హెపటో' అని మొదలుపెడతారు. తెలుగు మీడియంలో చదివిన వాళ్ళకు ఆసుపత్రి పేరు దగ్గర ఇబ్బంది. ఇంగ్లీషు మీడియం తమ్ముళ్ళకు ఆ పేరు వస్తుంది గానీ, దాన్ని ఇంట్లో అమ్మకు చెప్పడానికి మాట దొరకదు. మూడు పేర్లూ కలిపి నేర్చుకుంటేనే పని జరుగుతుంది.

విడగొట్టే పద్ధతి చాలా తేలిక. మాటను చివరి నుంచి చదవాలి. చివర 'ఐటిస్' ఉంటే వాపు. 'మెగలీ' ఉంటే పెద్దదైంది. 'స్కోపీ' అంటే లోపలికి చూసే పరీక్ష. 'లిథియాసిస్' ఉంటే రాళ్ళు, ఎందుకంటే గ్రీకులో లిథోస్ అంటే రాయి. 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం. ఇప్పుడు రిపోర్టులో కోలెసిస్టెక్టమీ అని ఉందనుకోండి. చివర ఎక్టమీ, అంటే ఏదో తీసేస్తారు. మొదట 'కోలె', అంటే పిత్తం, పైత్యరసం. మధ్యలో 'సిస్ట్', అంటే సంచి. పిత్తపు సంచిని తీసేసే ఆపరేషన్. మన పుస్తకం కూడా సరిగ్గా ఇలాగే చేసింది: పిత్త, ఆశయం కలిపి పిత్తాశయం. ఆశయం అంటే వార్షికోత్సవ ఉపన్యాసాల్లో వినేది ఒక్కటే కాదు, ఏదైనా నిలవ ఉండే చోటు అని కూడా. జీర్ణాశయం, మూత్రాశయం, గర్భాశయం అన్నీ ఆ లెక్కే.

గ్రీకు మాటలు అనగానే భయపడనక్కర్లేదు. అవి మన పుస్తకం మాటలకు చుట్టాలు. గ్రీకులో పేగు ఎంటెరాన్, సంస్కృతంలో ఆంత్రం. గ్రీకులో 'డిస్' అంటే చెడ్డ, సరిగా లేని అని అర్థం. మన దుర్గంధం, దుర్బలం మాటల్లో ఉన్న 'దుస్' అదే. కాబట్టి డిసెంట్రీ అంటే పేగు చెడటం, మన ఇంటి మాటలో జిగట విరేచనాలు. డిస్పెప్సియాలోని 'పెప్', పెప్సిన్ అనే ఎంజైములోని 'పెప్', మన పచనంలోని 'పచ్' ఒకే వేరు నుంచి వచ్చాయి. డిస్పెప్సియా అంటే అజీర్తి. మన వాంతి, ఇంగ్లీషు వామిట్, గ్రీకు ఎమెసిస్ కూడా ఒక ఇంటివే. చివరికి గ్రీకు హెపార్, సంస్కృత యకృత్ కూడా అంతే. రెండింటికీ కాలేయం అనే అర్థం.

ఇక జాగ్రత్తగా చూడాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. స్టొమటైటిస్ అని చూసి చాలామంది స్టమక్ వాపు అనుకుంటారు. కాదు. స్టోమా అంటే నోరు. స్టొమటైటిస్ అంటే నోటి పూత. బి విటమిన్లు తక్కువైనప్పుడు నోరు పూయడం, పెదాల మూలలు పగలడం హాస్టల్లో చూస్తూనే ఉంటాం. జీర్ణాశయం వాపును గ్యాస్ట్రైటిస్ అంటారు. అలాగే కోలెక్టమీ, కోలోస్టమీ అనే రెండు మాటలు వినడానికి దగ్గరగా ఉంటాయి. మొదటిది పెద్దపేగును, లేదా అందులో కొంత భాగాన్ని తీసేయడం. రెండోది పెద్దపేగుకు పొట్ట మీద కొత్త 'నోరు' తెరిచి, మలం సంచిలోకి వచ్చేలా చేయడం. ఆపరేషన్ ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ రెండింటిలో ఏదో తెలియాలి. సంతకం పెట్టేది మన నాన్నే కావచ్చు.

మా ఉద్దేశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట చాలా చిన్నది: గ్యాసు. గ్రీకులో గ్యాస్టర్ అంటే కడుపు. గ్యాస్ట్రిక్ అంటే జీర్ణాశయానికి సంబంధించినది, అంతే. గాలి అనే అర్థం ఉన్న గ్యాస్ అనే మాటను 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త 'కేయాస్' అనే గ్రీకు మాటను బట్టి తయారు చేశాడు. రెండింటికీ సంబంధం లేదు. కానీ మన ఊళ్ళలో రెండూ కలిసిపోయాయి. పుల్లటి తేన్పులు వచ్చినా, ఛాతీ మంటైనా, పొట్ట ఉబ్బినా అన్నీ గ్యాసే. గ్యాస్ బిళ్ళ అని కొనే ఒమెప్రజోల్ నిజానికి గాలిని తీసేది కాదు, జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించేది. పేరు తప్పైతే పోయేదేముంది అంటారా? ఛాతీ ఎముక కింద, బొడ్డుకు పైన ఉండే చోటును ఎపిగ్యాస్ట్రియం అంటారు. 'ఎపి' అంటే పైన. జీర్ణాశయం నొప్పి అక్కడే వస్తుంది. గుండెపోటు నొప్పి కూడా కొందరికి అక్కడే వస్తుంది. పొలం నుంచి వచ్చిన మనిషి చెమటలు పోస్తున్నా గ్యాసేలే అని సోడా తాగి పడుకుంటాడు. నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, చెయ్యి లేదా దవడ లాగడం ఉంటే గ్యాసు అన్న మాట పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి, ఈ.సి.జి. తీయించాలి.

ఇప్పుడు జీర్ణాశయం నుంచి కిందికి దిగుదాం. దాని చివరి భాగం పైలోరస్, అంటే ద్వారపాలకుడు. చిన్నపేగులోకి ఆహారాన్ని కొద్దికొద్దిగా వదిలేది అక్కడి సంవరిణీ కండరమే. ఆ చోట కనిపించే మర ఆకారపు బాక్టీరియాకు హెలికోబ్యాక్టర్ పైలోరి అని పేరు పెట్టారు. అల్సర్లు కారం వల్ల, దిగులు వల్ల వస్తాయని డాక్టర్లు కూడా నమ్మిన రోజుల్లో, ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్ 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. ఆయనకు, రాబిన్ వారెన్‌కు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అల్సర్లకు మరో పెద్ద కారణం నొప్పి బిళ్ళలు. కూలి పని నుంచి వచ్చి రోజూ ఒళ్ళు నొప్పుల బిళ్ళ వేసుకునే వాళ్ళు ఉన్న ఇళ్ళు మనవి, అందుకే చెప్తున్నాం.

తర్వాతది డుయోడినం, ఆంత్రమూలం. లాటిన్‌లో పన్నెండు అనే అర్థం వచ్చే మాట ఇది. పన్నెండు వేళ్ళ వెడల్పు అంత పొడవుందని పాత వైద్యులు కొలిచారు. జెజునం అంటే ఖాళీది, శవాన్ని కోసి చూసినప్పుడు ఖాళీగా కనిపించేదట. సీకం అంటే గుడ్డిది, మన పుస్తకంలో అంధనాళం. రెక్టం అంటే నిటారుగా ఉండేది. మనిషిలో అది వంకరగానే ఉంటుంది, పాత వైద్యులు కోసి చూసింది జంతువులను.

అంధనాళానికి వేలాడేది అపెండిక్స్, ఉండూకం. దాని వాపు అపెండిసైటిస్. ఇళ్ళలో దీన్ని ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారు. ఈ పేరు విని 24 గంటలు ఓర్చుకుంటే పోతుందని కూర్చోకూడదు, ఆలస్యమైతే అది లోపలే పగిలిపోవచ్చు. మామూలుగా నొప్పి బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులోకి దిగుతుంది. ఆకలి పోతుంది, వాంతులు, జ్వరం రావచ్చు. రాత్రి పక్క మంచం మీది తమ్ముడు ఇలా మూలుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా వార్డెన్ సార్‌ను లేపండి. డాక్టర్‌తో "కడుపు నొప్పి" అని ఊరుకోవద్దు. ఎక్కడ మొదలైంది, ఎక్కడికి జరిగింది, ఎప్పటి నుంచి అని మూడూ చెప్పాలి. మనం కడుపు అనే ఒక్క మాట అంటాం, వాళ్ళు పొట్టను తొమ్మిది గదులుగా గీసుకుని చూస్తారు.

చీటీ మీద ఉండే పొట్టి అక్షరాలు కూడా లాటిన్‌వే. ఏ.సి. అంటే భోజనానికి ముందు, పి.సి. అంటే భోజనం తర్వాత. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, తాగే బీడీ కాదు. టి.డి.ఎస్. మూడుసార్లు. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. ఎన్.పి.ఓ. అని మంచం దగ్గర రాసి ఉంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. పాపం ఆకలితో ఉన్నాడని ఆపరేషన్‌కు ముందు టీ తాగిస్తారు మన వాళ్ళు. మత్తు ఇచ్చాక అది వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొక మాట, మెలీనా. గ్రీకులో నల్లనిది అని. తారులాగా నల్లగా, జిగటగా విరేచనం అయితే పైభాగంలో ఎక్కడో రక్తం కారుతోందని అర్థం. ఐరన్ మాత్రలు వేసుకునే వాళ్ళకు కూడా నల్లగా అవుతుంది, ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ఐరన్ మాత్ర అన్నాం కాబట్టి దాని అట్ట మీద ఉండే రెండో పేరు కూడా చదవండి: ఫోలిక్ యాసిడ్. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. ఈ పదార్థాన్ని పాలకూర ఆకుల నుంచి తీసినప్పుడు 1941లో ఆ పేరు పెట్టారు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన లెడర్లీ బృందానికి నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాస్ కాలేదాయన. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. చిన్నపేగు గోడలు ఆహారాన్ని పీల్చుకోలేక, విరేచనాలతో మనిషి ఎండిపోయే జబ్బు అది. ఆయుర్వేదంలో గ్రహణి అనే వాటికి దగ్గరిది. రోగులకు నోరు కూడా పూస్తుంది. స్ప్రూ అనే పేరు నోటి పూతకు డచ్చి వాళ్ళు వాడిన మాట నుంచే వచ్చింది. ఆ స్ప్రూ రోగులకు పనిచేసిన మందుల్లో ఒకటి ఫోలిక్ యాసిడ్.

అభ్యాసం కోసం ఐదు మాటలు ఇస్తున్నాం: గ్యాస్ట్రోఎంటరైటిస్, హెపటోస్ప్లీనోమెగలీ, కోలెలిథియాసిస్, కోలనోస్కోపీ, హెమటెమెసిస్. స్ప్లీన్ అంటే ప్లీహం, హెమా అంటే రక్తం. మిగతా ముక్కలన్నీ పైన చెప్పినవే. ఒక్కోదాని పక్కన పుస్తకం మాట ఒకటి, ఇంట్లో అమ్మకు అర్థమయ్యే మాట ఒకటి రాయండి.